కరెంటు అడుగుతూ భద్రాచలం దాకా

మా అక్కయ్య శారదకు చక్కెర జబ్బు బయటపడిన తర్వాత ఆరేళ్లపాటు ఆమె తెనాలి దాటి ఎక్కడా ఒక్క రాత్రి ఉండలేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు చల్లగా ఉండాలి. ఎవరింటినుంచైనా పెళ్లి పిలుపు వస్తే ముహూర్తం ఎప్పుడని అడగదు, వాళ్లింట్లో ఫ్రిజ్ ఉందా అని అడుగుతుంది. చాలా ఇళ్లలో ఉండదు. శుభలేఖ దేవుడి పటం వెనక్కి వెళ్లిపోతుంది.

అలాంటి మనిషి ఈ వేసవిలో భద్రాచలం వెళ్లి వచ్చింది. తొమ్మిది రోజులు. వెంట నేనూ, మా బావా ఉన్నాం. దారిలో మాకు సాయపడినవాళ్ల గురించి రాయమని ఆమే అడిగింది. నేను బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, ఇలాంటివి రాయడం అలవాటు లేదు. తోచినట్టు రాస్తున్నాను.

ముందు మా బండి గురించి చెప్పాలి. బావ ప్రభుత్వ జీపు డ్రైవరుగా రిటైరయ్యాడు. విశాఖపట్నంలో పని ముగించుకుని తన దేశం వెళ్లిపోతున్న ఒక జర్మనీ ఇంజనీరు తన పాత వ్యానును పాత ఇనుము ధరకి అమ్మేస్తున్నాడని తెలిసి, వెళ్లి కొనుక్కొచ్చాడు. లోపల రెండు పడకలు, చిన్న గ్యాసు పొయ్యి, పొయ్యి పక్కన మోకాలెత్తు ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ గ్యాసు మంటతోనైనా, బండి బ్యాటరీతోనైనా పని చేస్తుంది. బావ వ్యాను కొన్నాడనడం కంటే ఫ్రిజ్ కొన్నాడు, దానికి చక్రాలున్నాయి అనడం సబబు.

బోనకల్, ఖమ్మం

విజయవాడ దాటి, మధిర మీదుగా బోనకల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. రైలు గేటు పడి ఉంది. గేటు దగ్గర తాటి ముంజలు అమ్ముతున్న ముసలామె కిటికీలోంచి తల లోపలికి పెట్టి, పడకలూ పొయ్యీ తీరిగ్గా చూసింది.

"దీంట్లనే వండుకుంటరా, దీంట్లనే పండుకుంటరా?" అంది.

అవునన్నాను.

"మరి ఇల్లు లేదా మీకు?"

అక్క ఫక్కున నవ్వింది. తెనాలిలో ఉందని చెప్పి ముంజలు తీసుకుంది. ముసలామె ఒకటి ఎక్కువ వేసింది. ఇల్లు ఉన్నట్టు నమ్మలేదనుకుంటాను.

మా వైపు కాలవలు, వరిచేలు చూసిన కంటికి ఇక్కడి నేల వేరుగా కనపడుతుంది. మే నెలకి చేలన్నీ ఖాళీ. పత్తి మోళ్లు, మిరప కట్టె, వాటి మధ్య పచ్చగా మామిడితోటలు. ఎండలో మాత్రం తేడా లేదనుకున్నాం. ఖమ్మం చేరాక ఆ మాట వెనక్కి తీసుకున్నాం. అక్కడి ఎండ రాళ్లలోంచి కూడా వస్తుంది.

ఖమ్మంలో మా మొదటి తప్పు జరిగింది. హోటల్లో భోజనం చేస్తున్నంతసేపూ బావ ఫ్రిజ్‌ను బ్యాటరీ మీద వదిలేశాడు. తిరిగొచ్చి తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. పక్కన లారీలోకి మిర్చి బస్తాలు ఎత్తుతున్న హమాలీలు నలుగురు అడక్కుండానే వచ్చి తోశారు. అందరూ తుమ్ముతూ తోశారు, మేమూ తుమ్మాం. బండి అందుకుంది. అప్పటినుంచి బండి ఆగితే గ్యాసు, నడిస్తే బ్యాటరీ అని అక్క పద్ధతి పెట్టింది.

కారేపల్లి

ఆ పద్ధతి ఒక్క రోజు నడిచింది.

కారేపల్లిలో ఒక టీ కొట్టు పక్కన బండి ఆపాం. పొద్దున లేచేసరికి లోపల గ్యాసు వాసన. బావ సిలిండరు కట్టేసి, తలుపులన్నీ తెరిచి, సబ్బు నీళ్లు పూసి చూశాడు. సిలిండరు మూతి దగ్గరే బుడగలు. అది పరాయి దేశపు సిలిండరు, ఆ మరకు సరిపోయే వాషరు ఇక్కడ దొరకదు. బావ దారంతో, రబ్బరుతో రెండు గంటలు కుస్తీ పట్టాడు. చివరికి సిలిండరు విప్పి బండి పైన కట్టేశాడు.

గ్యాసు లేకపోతే ఫ్రిజ్ ఒక్కటే కాదు, పొయ్యి కూడా లేదు. అక్క సిరంజి గాజుది, వాడే ముందు నీళ్లలో మరగబెట్టాలి. టీ కొట్టు యజమాని జానీమియా సంగతి విని, పాలగిన్నె దించేసి, కొత్త గిన్నెలో నీళ్లు పెట్టాడు. కొట్టు వెనకున్న తన ఇంట్లోకి అక్కను పంపాడు.

ఆమె తిరిగి వచ్చాక అడిగాడు. "ఇప్పుడేం జేస్తరమ్మా?"

"ఇంటికి వెళ్లిపోతాం," అన్నాడు బావ. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ బండిని మూడు నెలలు రంగులేసి, తుడిచి సిద్ధం చేసుకున్నాడు.

జానీమియా కాసేపు ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇది ఇంట్ల కరెంటుతోని నడ్వదా?"

"నడవదు. ఆ ఏర్పాటు లేదు."

"ఏర్పాటు లేకుంటె చెయ్యాలె. మా బామ్మర్ది యాకూబ్ మణుగూరుల ఉంటడు. కాలనీల ఫ్రిజ్‌లన్నీ వాడే చేస్తడు. చీటి రాసిస్త, పోండ్రి."

వేడెక్కిపోయిన ఫ్రిజ్‌ను మళ్లీ చల్లబరిచే సత్తా బ్యాటరీకి లేదు; ఖమ్మంలో కొన్న ఐసు కొంచెం ఫ్లాస్కులో మిగిలి ఉంది. సీసాలు అందులో పెట్టి బయల్దేరాం.

అడవి దారి

ఇల్లందు దాటాక అడవి మొదలైంది. అది తునికాకు కోసే కాలం. తెల్లవారకముందే అడవిలోకి వెళ్లిన కోయ కుటుంబాలు పొద్దెక్కేసరికి మూటలతో తిరిగొస్తాయి. ఆకు కట్టలు కట్టి కల్లంలో వరసలుగా ఆరబెడతారు. దూరంనుంచి చూస్తే నేల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంది. మా బావ కాల్చే బీడీ ఇక్కడ పుడుతుందని ఆయనకి అప్పుడే తెలిసింది. గౌరవంగా దిగి చూశాడు.

ఫ్లాస్కు తెరిస్తే ఐసు నీళ్లయిపోయింది. ఆ నీళ్లు కూడా వేడెక్కుతున్నాయి. అక్క సీసాలను తడిగుడ్డలో చుడుతుంటే, కట్టలు కడుతున్న ఒక పెద్దామె లేచి వచ్చింది. తోటివాళ్లతో కోయ భాషలో ఏదో అని, చెట్టు నీడనున్న సొరకాయ బుర్ర తెచ్చింది. అందులోని నీళ్లు చెయ్యి జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. గుడ్డ మీద ఆమే పోసింది.

"మందా?" అని అడిగింది తెలుగులో.

"అవునమ్మా."

"ఎవలకి?"

"నాకే."

ఆమె అక్క బుగ్గ మీద ఒకసారి చెయ్యి పెట్టి, బుర్రలో మిగిలిన నీళ్లు మా చెంబులో వంచింది. ఆ ఎండలో వాళ్లకు మళ్లీ నీళ్లు కావాలంటే ఎంత దూరం నడవాలో నేను అడగలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మణుగూరు

మణుగూరులో అడవి ఉన్నట్టుండి తెగిపోయి, వరసగా క్వార్టర్లు, వీధి దీపాలు, టీవీ యాంటెన్నాలు వస్తాయి. బొగ్గు లారీలు తిరిగే దారిలో ఆకులు కూడా నల్లగా ఉంటాయి. యాకూబ్ కొట్టు ఒక రేకుల గది. ముప్పై ఐదేళ్లుంటాయేమో, సన్నటి మనిషి. జానీమియా చీటి చదివి, టార్చిలైటు తీసుకుని బండెక్కాడు.

"ఏందమ్మా ఇది? మోటరు లేదు, కంప్రెసరు లేదు. సప్పుడు గూడ రాదా?"

"రాదు బాబూ. వెనకాల మంట పెడితే లోపల చల్లబడుతుంది," అంది అక్క.

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అవ్. ఇసువంటిది చూసిన. అడవిల దవాఖానల కిరసనాయిలు ఫ్రిజ్ ఉండె, పోలియో మందుకు. దాని బత్తి నేనే మార్చిన. దీనికి కావాల్సింది వేడి. మంటదైతేంది, కరెంటుదైతేంది, దానికి ఒకటే."

ఫ్రిజ్‌ను బయటికి లాగి వెనక్కి తిప్పాడు. నిలువు గొట్టాన్ని ఆనుకుని రెండు సన్నటి గొట్టాలున్నాయి. ఒకదాంట్లో బ్యాటరీతో వేడెక్కే కడ్డీ ఉంది. రెండోది ఖాళీ, పైన రేకు మూత. ఇంటి కరెంటు కడ్డీకోసం తయారుచేసినవాళ్లు వదిలిన చోటు అది. కడ్డీ మాత్రం పెట్టలేదు.

"దీంట్ల పట్టేది పెడ్తె అయితది. గని ఒకటి ముందే చెప్తున్న. ఈ పెద్ద గొట్టంల అమ్మోనియా ఉంటది. దీనికి బొక్క పడ్డదో, నేనే కాదు, ఎవ్వలు బాగుచెయ్యలేరు. మీ ఇష్టం."

బావ వెంటనే, "వద్దులే శారదా. ఉన్నది కూడా పోతుంది. ఇంటికెళ్లి నిదానంగా చేయిద్దాం," అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది. "ఆరేళ్లు ఇంట్లోనే కూర్చున్నానండీ. పాడైతే అప్పుడు వెనక్కి వెళ్దాం. పాడవకముందే ఎందుకూ?"

ఆ సాయంత్రం యాకూబ్ మొదటి ప్రయత్నం చేశాడు. ఇస్త్రీపెట్టెలోని రేకు విప్పి పెద్ద గొట్టానికి చుట్టి కరెంటు ఇచ్చాడు. పావుగంటలో గొట్టం మీది రంగు పొక్కింది. లోపలనుంచి గుడగుడమని చప్పుడు. అతను ఎగిరి ప్లగ్గు పీకేశాడు. చాలాసేపు గొట్టానికి ముక్కు ఆనించి వాసన చూశాడు. అమ్మోనియా బయటికి రాలేదు.

"తొందరపడ్డ. తప్పు నాది," అన్నాడు.

ఇంకొకరైతే వోల్టేజీ మీదో, ఫ్రిజ్ మీదో నెట్టేవారు. నాకు అతని మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఆ రాత్రికి సీసాలు వాళ్లింట్లోనే, తడి ఇసుకలో పెట్టిన కొత్త కుండలో ఉన్నాయి. ఊరంతటి ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి ఇంట్లో ఫ్రిజ్ లేదు. పొద్దున అతని భార్య రజియా ఖిచిడీ, దానిలోకి పుల్లటి ఖట్టా చేసింది. అక్కకు మాత్రం విడిగా జొన్న రొట్టె కాల్చింది. "మా అమ్మకు గూడ చక్కెరనే. నాకు ఎరికె," అంటూ ఇంకో రొట్టె వేసింది.

మేము తింటుంటే యాకూబ్ కొట్టులోంచి ఏదో విరిచిన చప్పుడు వచ్చింది. వెళ్లి చూస్తే తన పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ను విప్పేసి, లోపలి కడ్డీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రంత సోంచాయించిన. ఆ బ్యాటరీ కడ్డీ ఎంత వేడి ఇస్తదో, సుమారుగ ఇదీ గంతే ఇస్తది. మందం గూడ ఒకటే."

"నీ పనికెలా?" అన్నాడు బావ.

"ఇంకోటి తెచ్చుకుంట."

ఖాళీ గొట్టంలో ఆ కడ్డీ చేత్తో నెడితే పట్టింది, కొలిచి చేసినట్టు. యాకూబ్ పింగాణీ పూసలు గుచ్చిన వైరు కలిపాడు. ఫ్రిజ్‌ను మళ్లీ బండిలో బిగించి, లోపల గిన్నెలో నీళ్లు పెట్టి, ఆ నీళ్లు ఎటూ ఒరగకుండా ఉండేదాకా బండి చక్రాల కింద ఇటుక ముక్కలు సర్దించాడు. ఒరిగితే ఇది చల్లబడదట. ప్లగ్గు పెట్టాడు. చప్పుడు లేదు, వెలుగు లేదు. నలుగురం దాని ముందు కూర్చున్నాం. రెండు గంటలకు అక్క ఫ్రిజ్ లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. సాయంత్రానికి గిన్నె చుట్టూ తేమ పట్టింది. మర్నాడు పొద్దున నీళ్లమీద పలచగా ఐసు పెచ్చు.

యాకూబ్ ఆ పెచ్చు తీసి రజియా అరచేతిలో పెట్టాడు. అది కరిగేదాకా ఆమె చేయి చాచే ఉంచింది.

వచ్చేముందు ఒక ఇనుప చువ్వ, పొడుగాటి వైరు ఇచ్చాడు. "యాడ ఆగినా ముందు ఈ ఎర్త్ చువ్వ తడి నేలల దిగగొట్టుండ్రి. తర్వాతనే ప్లగ్గు. ఎనకముందు చేస్తిరో, బండి మొత్తం షాకు కొడ్తది."

అడుగుతూ వెళ్లడం

ఇక్కడినుంచి మా ప్రయాణం మారిపోయింది. గ్యాసు ఉన్నన్నాళ్లూ చెట్టు కింద ఆపుకుని, మా పాటికి మేం ఉన్నాం. ఇప్పుడు ఎక్కడ ఆగినా ఒక ఇంటి తలుపు తట్టాలి. "అమ్మా, కాస్త కరెంటు ఇస్తారా?" నీళ్లు అడగొచ్చు, నిప్పు అడగొచ్చు. కరెంటు అడగడానికి మొదటిసారి నాకు నోరు రాలేదు. అశ్వాపురంలో ఒక దర్జీని అడిగాం. అతను "ఎందుకు?" అని కూడా అనకుండా తన బల్లఫ్యాను ప్లగ్గు పీకి మాది పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా చొక్కా విప్పేసి, చెమట తుడుచుకుంటూ కుట్టాడు. అక్కడే బావ చువ్వ కొట్టడం మరిచిపోయాడు. తలుపు పట్టుకున్న నేను కెవ్వుమన్నాను. దర్జీ ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

బూర్గంపహాడ్ దగ్గర

గోదావరి ఇవతలి ఒడ్డున, బూర్గంపహాడ్ ఇంకా రాకముందే ఒక చిన్న ఊళ్లో పెంకుటింటి ముందు ఆగాం. ఇంటావిడ పేరు వరలక్ష్మమ్మ. ముప్పై ఏళ్ల కిందట గుడివాడ వైపునుంచి వచ్చి ఇక్కడ పొలం చేసుకుంటున్నారు. మా యాస వినగానే ముఖం వెలిగింది.

"కరెంటే కదా, పెట్టుకోండి. రాత్రి దీపం బొగ్గులా ఎర్రగా ఉంటది, దానికే పనికొస్తదో ఏమో."

కోడలు సుగుణ చువ్వ దగ్గర నీళ్లు పోసింది. ఇరవై ఏళ్లుండవు. కళ్ల కింద గుంటలు, రవిక భుజం మీంచి జారుతోంది. ఊరికే ఫ్రిజ్ వైపు చూస్తోంది. కాసేపటికి వరలక్ష్మమ్మ అక్కను పక్కకి పిలిచి, గొంతు తగ్గించింది.

"మా చిన్న సీసా ఒకటి అందులో పెట్టనిస్తారా అమ్మా? మీరున్నన్నాళ్లే."

తడిగుడ్డ విప్పింది. అక్క ఆ సీసా చూసి, సుగుణను చూసి, తన సీసాల పక్కన పెట్టింది. తర్వాత తన చీర కుచ్చిళ్ల పక్కన పొట్ట మీది సూది మచ్చలు ఆ పిల్లకు చూపించింది. సుగుణ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ జబ్బున్న ఇంకో ఆడమనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి.

పెళ్లయిన ఆరు నెలలకు బయటపడిందట. డాక్టరు రోజుకి రెండు సూదులు రాశాడు. ఇంట్లో వేసేవాళ్లు లేరు. పొద్దున బస్సెక్కి గోదావరి దాటి, భద్రాచలంలో సూది వేయించుకుని, మధ్యాహ్నం బస్సుకు వస్తుంది. సాయంత్రం సూది లేదు.

"నేనొకసారి పొడిచానమ్మా," అంది వరలక్ష్మమ్మ. "ఇది ఏడవలా. నేనే ఏడ్చా. మళ్లీ నా చెయ్యి లేవలా."

"మీరు వద్దు. తనే వేసుకుంటుంది," అంది అక్క.

"నాతోని కాదు పెద్దమ్మా," అంది సుగుణ. "నొప్పి అయితదా?"

"అవుతుంది. చీమ కుట్టినట్టే అంటారు డాక్టర్లు. వాళ్లనెవరూ పొడవరుగా."

సుగుణ మొదటిసారి నవ్వింది.

భద్రాచలం

మర్నాడు అక్క సీసాలన్నీ ఫ్రిజ్‌లో ఉంచి, బండిని ప్లగ్గుకి వదిలేసి, సుగుణతో పాటు బస్సులో భద్రాచలం వెళ్లాం. వంతెన మీంచి చూస్తే వేసవి గోదావరి ఇసుక మధ్య పాయలుగా పారుతోంది. అక్క తల బయటికి పెట్టి, అవతలి ఒడ్డు వచ్చేదాకా లోపలికి తీయలేదు. ఆరేళ్లలో ఆమె సంచీలో సీసా లేకుండా బస్సెక్కడం అదే మొదలు.

ముందు ఆసుపత్రికి వెళ్లాం. సూది తనే వేసుకోవచ్చా అని అక్క అడిగితే డాక్టరు, "ఏడాదిగా అదే చెప్తున్నానమ్మా," అన్నాడు. అక్క ఆయన ముందే సిరంజిలో గీతలు లెక్కపెట్టడం సుగుణ చేత రెండుసార్లు చేయించింది. తర్వాత మెట్లెక్కి రాముణ్ణి చూశాం. గుళ్లో అక్క ఏం కోరుకుందో తెలీదు. దర్శనానికి మాత్రం ఎక్కువసేపు నిలబడలేదు. "పదండి, నిమ్మకాయలు కొనాలి," అంది.

ఇంటికొచ్చాక రెండు రోజులు సుగుణ నిమ్మకాయల్ని పొడిచింది. మొదట గుచ్చగానే కళ్లు మూసుకునేది. అక్క ప్రతిసారీ, "కళ్లు తెరువు. చూడకపోతేనే ఎక్కువ నొప్పి," అనేది. మూడో రోజు సాయంత్రం తొడ మీద వేసుకుంది. సూది దిగాక తీయడం మరిచిపోయి, అలాగే చూస్తూ ఉండిపోయింది. "అయిపోయిందా?" అని తనను తానే అడుగుతున్నట్టు అడిగింది. వరలక్ష్మమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మేం బయల్దేరే రోజు పొద్దున సుగుణ సిరంజి మరగబెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అక్క లేవబోతే నేను ఆపలేదు, ఆమే మళ్లీ కూర్చుంది. కాసేపటికి సుగుణ తలుపు తీసుకుని వచ్చి, కడిగిన సిరంజి ఆరబెట్టి, అరుగు మీద కూర్చుని చద్దన్నం కలుపుకుంది.

అప్పుడే భద్రాచలం బస్సు వచ్చింది. రోజూ ఎక్కే మనిషి కదా, చెయ్యెత్తకపోయినా ఇంటి ముందే ఆగింది. కండక్టరు తలుపు తీసి చూశాడు.

"ఏం చెల్లె, జల్దీ రా! టైమైతంది."

సుగుణ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎడం చెయ్యి ఊపింది.

"నేను రాను అన్నా," అంది. "పోనియ్యి."